జీపు కిందికి దూరేముందు బాయి నియమాలు గుర్తు చేసుకోండి

పాత జీపును ఇంటి షెడ్డులో సొంతంగా బాగుచేసుకోవడం మంచి వ్యాపకం. చేతికి పని, మనసుకు ఊరట. కానీ బ్రేక్ డ్రమ్ములోని దుమ్ము, మూసిన షెడ్డులోని పొగ, ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి ఇంటి ముంగిట్లోనే ప్రాణం మీదికి తేగలవు. అప్పటికే బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులైతే జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీల వైపు పాత జీపులంటే ప్రాణమిచ్చేవారికి కొదవ లేదు. మన దేశంలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది 1947లో. ఆ తర్వాత వచ్చిన పెట్రోలు జీపులు, డీజిలు జీపులు, ఎంఎం 540లు ఇప్పటికీ ఏదో ఒక షెడ్డులో తుప్పు పట్టి పడి ఉంటాయి. అలాంటిదాన్ని తక్కువ ధరకు తెచ్చుకుని, నట్టూ బోల్టూ విప్పి, మళ్లీ రోడ్డెక్కించాలన్నది చాలామంది కల. ఆ కల నిజం చేసుకునే తీరిక చాలామందికి రిటైరయ్యాకే దొరుకుతుంది.

ఇది మంచిదే. ముప్పై ఏళ్లు షిఫ్టుల లెక్కన బతికిన మనిషికి ఒక్కసారిగా సైరన్ ఆగిపోతే రోజు గడవదు. నిద్ర చెదురుతుంది. చిరాకు పెరుగుతుంది. కొందరు మందుకు దగ్గరవుతారు. పొద్దున లేవగానే చేయాల్సిన పని ఒకటి ఎదురుచూస్తుంటే, సాయంత్రానికి ‘ఇవాళ కార్బురేటర్ పని అయిపోయింది’ అని చెప్పుకోగలిగితే మనసు స్థిమితంగా ఉంటుంది. మనవడు పక్కన కూర్చుని ‘తాతా, పదమూడు నంబర్ పానానా?’ అని అందిస్తుంటే ఆ సంతోషం వేరు.

అయితే ఒక తేడా ఉంది. బాయిలో మీ వెనక సర్దార్, ఓవర్‌మెన్, సేఫ్టీ ఆఫీసర్ ఉండేవారు. కప్పు తట్టి చూసేవారు, గాలి కొలిచేవారు ఉండేవారు. మీ షెడ్డులో వీళ్లెవరూ ఉండరు. అన్నీ మీరే. శుభవార్త ఏమిటంటే, షెడ్డుకు కావలసిన నియమాలు మీకు కొత్తవి కావు. బాయిలో నేర్చుకున్నవే.

సపోర్టు లేని కప్పు కిందికి వెళ్లొద్దు

బాయిలో మొదటి పాఠం ఇదే. దిమ్మె పెట్టని చోటికి, బోల్టు కొట్టని చోటికి అడుగు వేయకూడదు. జీపు విషయంలోనూ అంతే. పాత జీపు బరువు టన్నుకు పైనే ఉంటుంది. జాకీ అన్నది బండిని ఎత్తడానికే తప్ప నిలబెట్టడానికి కాదు. బాటిల్ జాకీలో ఒక చిన్న రబ్బరు సీలు దెబ్బతింటే ఆయిల్ దిగిపోతుంది. బండి హెచ్చరిక లేకుండా కిందికి వస్తుంది. ఛాతీ మీద బరువు పడితే ఊపిరి తీసుకోవడం కుదరదు. ఎముకలు విరగకపోయినా నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

పాత జీపుల్లో మరో చిక్కు ఉంది. విల్లీస్ తరహా జీపుల్లో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ చక్రాలను నేరుగా పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఆపుతుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ వల్ల అది విడిగా తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నా బండి జారిపోతుంది. ఎంతో అనుభవం ఉన్న మెకానిక్‌లు కూడా ఇక్కడ దెబ్బతింటారు.

అందుకే ముందు నేల చదునుగా, గట్టిగా ఉండాలి. నేల మీద ఆనిన చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డులు పెట్టండి. బండి ఎత్తాక ఛాసిస్ కింద జాకీ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించండి. స్టాండ్లు లేకపోతే మందపాటి చెక్క దిమ్మెలను అడ్డం, నిలువు పేర్చండి. బాయిలో చాక్ కట్టినట్టే. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు అస్సలు వద్దు. అవి వంగవు, ఒక్కసారిగా పగులుతాయి. దూరేముందు బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ సర్దండి. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టడం మరో రక్షణ.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి కిందికి దూరకండి. ఎవరైనా కింద ఇరుక్కుంటే కాళ్లు పట్టి లాగొద్దు. మరో జాకీతో బండిని ఎత్తి, 108కి ఫోన్ చేయండి.

దుమ్మును తడపండి, ఊదకండి

బాయిలో డ్రిల్లు వేసేటప్పుడు, బొగ్గు ఎత్తేటప్పుడు నీళ్లు ఎందుకు చల్లుతారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. షెడ్డులో అదే దుమ్ము వేరే రూపంలో ఉంటుంది.

మొదటిది బ్రేక్ దుమ్ము. పాత బండ్ల బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్ దగ్గరి గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితిత్తుల్లో దిగబడితే బయటికి రావు. ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఛాతీ పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ వీటి వల్లే వస్తాయి. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ‘నా వయసుకు ఇక ఏమవుతుందిలే’ అనుకోవచ్చు. కానీ పక్కన పానాలు అందించే మనవడి వయసు పదేళ్లే. బ్రేక్ డ్రమ్ము విప్పే రోజు పిల్లలు షెడ్డులో ఉండకూడదు.

డ్రమ్ము విప్పగానే నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం, పొడి బ్రష్షుతో దులపడం మన దగ్గర అలవాటు. ఈ మూడూ మానేయాలి. కింద పాలిథీన్ కవరు పరచండి. సబ్బు నీళ్లు కలిపిన స్ప్రే సీసాతో డ్రమ్మును బాగా తడపండి. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారేయండి. ఉతికి మళ్లీ వాడొద్దు. మెడలోని తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపలేవు. ముఖానికి బిగుతుగా పట్టే పీ100 ఫిల్టరు మాస్కు కావాలి. కొత్త లైనర్లు కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనివే అడిగి తీసుకోండి.

తల పైకి కూడా ఓసారి చూడండి. మీ షెడ్డు కప్పు సిమెంటు రేకులా? వాటిలోనూ ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ముట్టుకోకుండా ఉన్నంతకాలం పెద్దగా దుమ్ము రాలదు. లైటు కోసం, చైన్ పుల్లీ కోసం వాటికి రంధ్రాలు వేస్తే, గ్రైండరుతో కోస్తే మాత్రం పోగులు గాల్లోకి లేస్తాయి.

రెండోది ఇసుక. తుప్పు వదిలించడానికి ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టే సాండ్‌బ్లాస్టింగ్ ఇంటి దగ్గర చేయించొద్దు. ఇసుకలోని సిలికా పొడి సిలికోసిస్‌కు దారితీస్తుంది. మూడోది పాత రంగు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని కేంద్రం తెచ్చిన నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ జీపు మీది పొరలు దానికంటే ఎంతో ముందువి. పైగా ఆ నిబంధన ఇళ్ల రంగులకే పరిమితం. పొడి ఎమెరీ పేపరుతో గీకితే ఆ సీసం పొడిగా రాలుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. కాబట్టి వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. పని బట్టలు షెడ్డులోనే విడిచి, స్నానం చేశాకే ఇంట్లోకి వెళ్లండి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

షట్టర్ దించి ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు

కార్బన్ మోనాక్సైడ్ గురించి బాయి మనిషికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పాత పెట్రోలు జీపు పొగలో ఇది చాలా ఎక్కువ. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు ఇంకా ఎక్కువ. ఆ సమయంలోనే చలికి షట్టర్ సగం దించుకుంటాం. డీజిలు ఇంజిన్ పొగలో ఇది తక్కువే కానీ, ఆ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

ఇంజిన్ ట్యూనింగ్ ఎప్పుడూ ఆరుబయటే చేయండి. ఫ్యాను పెట్టాం కదా అని మూసిన షెడ్డులో నడపొద్దు. పని మధ్యలో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే ‘ఎండ దెబ్బ’ అనుకోకండి. ఇంజిన్ ఆపి వెంటనే బయటికి రండి. కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టి ‘98 ఉంది, ఏం ఫర్వాలేదు’ అనుకోవడం పెద్ద పొరపాటు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆ పరికరం ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ఆక్సిజన్ పెట్టాల్సిందే.

షెడ్డులో ఎవరైనా పడిపోయి కనిపిస్తే రెస్క్యూ వాళ్ల పద్ధతి గుర్తు చేసుకోండి. ఊపిరి బిగబట్టి ఉరికితే రెండో మనిషీ పడిపోతాడు. ముందు షట్టరు, తలుపులు పూర్తిగా తెరవండి. ఆ తర్వాతే బాధితుడిని గాలిలోకి తీసుకురండి.

వెల్డింగ్, పెయింటింగ్... ఏది ఇంట్లో, ఏది బయట?

వెల్డింగ్ మెరుపు ఒక్క క్షణం చూసినా ఆ సమయంలో ఏమీ అనిపించదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి వేళ, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీరు మొదలవుతాయి. చల్లటి తడి గుడ్డ కళ్ల మీద వేసుకుని, తెల్లారి కంటి డాక్టరును కలవండి. ఆలుగడ్డ ముక్కలు, తల్లిపాలు, మెడికల్ షాపులో ఇచ్చే మొద్దుబార్చే చుక్కలు వద్దు. ఆ చుక్కలు నొప్పి తెలియనీయవు కానీ పదేపదే వేస్తే నల్లగుడ్డు పైపొర మానకుండా చేస్తాయి.

ఫ్లోరుకు జింకు పూత ఉన్న రేకు వేసి వెల్డింగ్ చేస్తే, ఆ రాత్రి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. దీన్ని చాలామంది మలేరియానో, వైరల్ జ్వరమో అనుకుంటారు. ఇది లోహపు పొగ వల్ల వచ్చే జ్వరం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ‘నిన్న వెల్డింగ్ చేశాను’ అని తప్పక చెప్పండి. ఆయాసం ఉంటే ఆగకుండా వెళ్లండి. వెల్డింగ్ చేసే చోట జింకు పూతను ముందే తొలగించుకుంటే పొగ తగ్గుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన భాగాన్ని ఆరకుండా వెల్డింగ్ చేయడం మరీ ప్రమాదం. ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

పెయింటింగ్ విషయంలో మాత్రం ఒకే మాట. హార్డెనర్ కలిపి గన్నుతో కొట్టే పీయూ పెయింటును ఇంట్లో కొట్టొద్దు. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరి ఆడదు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది కానీ ఈ ఆవిరిని ఆపదు. టింకరింగ్, పుట్టీ మీరు చేసుకుని, ఆఖరి రంగు మాత్రం స్ప్రే బూత్ ఉన్న చోట వేయించండి. సొంతంగానే వేయాలనుకుంటే ఆరుబయట బ్రష్షుతో ఎనామిల్ వేసుకోండి. జీపుకు అదీ అందమే.

చిన్న రంధ్రం, పెద్ద ప్రమాదం

డీజిలు జీపు నాజిళ్లు సరిగ్గా కొడుతున్నాయో లేదో చూడటానికి కొందరు చేయి అడ్డం పెడతారు. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. నాజిలు నుంచి డీజిలు 100 బార్లకు పైన ఒత్తిడితో దూసుకొస్తుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. మొదట నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం గంటగంటకూ కండ కుళ్లుతూ పోతుంది. గ్రీజు గన్నుతోనూ ఇదే ప్రమాదం. పసుపు పెట్టి ఊరుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చు. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి ‘ఒత్తిడితో డీజిలు లోపలికి పోయింది’ అని స్పష్టంగా చెప్పండి.

పైపు పెట్టి నోటితో పెట్రోలు లాగడం మరో పాత అలవాటు. గుటక మింగినా కడుపుకంటే ఊపిరితిత్తులకే ముప్పు ఎక్కువ. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి. వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతి పంపు కొనుక్కుంటే ఈ బాధే ఉండదు.

బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దగ్గర బీడీ వెలిగించొద్దు. యాసిడ్ కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టాకే వైరింగ్ ముట్టుకోండి. టెర్మినల్‌కు, బాడీకి మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టేస్తుంది.

ఇక వాడిన ఇంజిన్ ఆయిల్. లండన్‌లో చిమ్నీలు ఊడ్చే కుర్రాళ్లకు మసి వల్ల వృషణాల చర్మానికి క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లో రాశాడు. మసిలో ఉండే ఆ జాతి రసాయనాలే నల్లబడిన ఇంజిన్ ఆయిల్‌లోనూ చేరతాయి. కాబట్టి ఆయిల్ గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకోవడం మానండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. అయితే డ్రిల్లింగ్ మిషన్ మీద మాత్రం గ్లౌజులు వద్దు, బిట్టుకు చుట్టుకుంటాయి. చేతులు పెట్రోలుతో కడుక్కోకండి. కొబ్బరినూనె రుద్ది, సబ్బుతో కడిగితే జిడ్డు వదులుతుంది.

చెవులు, నడుము, ఎండ

బాయి మిషన్ల శబ్దానికి ఇప్పటికే చెవులు కొంత మందగించి ఉంటాయి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చనుకుంటే, 100 డెసిబెల్స్ దగ్గర ఆ హద్దు 15 నిమిషాలే. గ్రైండరు, రేకు మీద సుత్తె దెబ్బ ఆ స్థాయికి సులువుగా చేరతాయి. ఇయర్ ప్లగ్గులు, కళ్లద్దాలు పెట్టుకున్నాకే స్విచ్ వేయండి. గ్రైండరు గార్డు తీసేసి పనిచేయకండి.

గేర్‌బాక్సు, కమాన్ పట్టీలు చేతులతో దించే ప్రయత్నం వద్దు. చైన్ పుల్లీ అద్దెకు తెచ్చుకోండి. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే. పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదు తర్వాత పని పెట్టుకోండి. బీపీ, షుగర్ మందులు వేసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తుప్పు పట్టిన రేకు కోసుకుంటే సబ్బునీళ్లతో కడిగి, ఆఖరి టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. గాయం మురికిదైతే, ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి.

బండి కంటే ముందు మీ ఫిట్‌నెస్

సర్వీసులో ఉన్నప్పుడు పీఎంఈ పేరుతో కంపెనీయే పిలిచి ఛాతీ ఎక్స్‌రే, పరీక్షలు చేయించేది. రిటైరయ్యాక ఎవరూ పిలవరు. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ మాత్రం రిటైరవదు. బాయి వదిలాక కూడా ముదరగలదు. ‘బాయి దగ్గే, అలవాటైపోయింది’ అంటూ ఏళ్లు గడిపేస్తుంటారు.

అందుకే జీపు ఇంటికి తెచ్చే వారంలోనే మీరూ ఓసారి పరీక్ష చేయించుకోండి. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష సరిపోతాయి. సీపీఆర్ఎంఎస్ కార్డు ఉంటే ఏరియా ఆసుపత్రిలో అడగండి. ఎన్నేళ్లు బాయిలో పనిచేశారో, ఇప్పుడు షెడ్డులో ఏం పని చేస్తున్నారో రెండూ డాక్టరుకు చెప్పండి. రెండు వారాలు దాటిన దగ్గు, దగ్గితే రక్తం, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే రేపు మాపు అనొద్దు. టీబీకి కూడా ఇవే లక్షణాలు. దుమ్ము పేరుకున్న ఊపిరితిత్తుల్లో, ముఖ్యంగా సిలికా చేరినచోట, టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. బీడీ, సిగరెట్ తాగేవారికి ఆస్‌బెస్టాస్ వల్ల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. జీపుకు పెట్టే మొదటి ఖర్చు ఆ బీడీ కట్ట మానేసిన డబ్బుతోనే మొదలుపెట్టండి.

పరీక్షలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని తేలితే జీపును వదిలేయాలా? అక్కర్లేదు. దుమ్ము, పొగ, రంగు పనులు బయట చేయించుకోండి. వైరింగ్, కార్బురేటర్, సీట్లు, బిగింపు పనులు మీవే. పనులు పంచుకుంటే తప్పేముంది? బాయిలోనూ అందరూ అన్ని పనులూ చేయలేదు కదా.

ముప్పై ఏళ్లపాటు షిఫ్టు అయిపోగానే క్షేమంగా ఇంటికి చేరారు. ఇప్పుడు షెడ్డు నుంచి ఇంట్లోకి పది అడుగులే. ఆ పది అడుగులూ రోజూ క్షేమంగా వేయండి. జీపు సిద్ధమైన రోజు గోదావరి ఒడ్డుదాకా మొదటి షికారు మీరే నడపాలి.